నాలుగు వందల అడుగుల దగ్గర

బోరు డబ్బులు మా అక్క నా ఖాతాలో వేయించింది. ఆమెకు ఖాతా లేక కాదు. ఆమెది బటన్ల ఫోను, బ్యాంకేమో వేంపల్లెలో, బోరు బండి వాళ్లు ఫోన్లో డబ్బు వేస్తే తప్ప బండిని కదిలించరు. అందుకని రెండు పాడి బర్రెల్ని అమ్మిన డబ్బు, చీనీ తోట, అదే బత్తాయి తోట, చివరి పంట డబ్బు కలిపి లక్షా ఎనభై వేలు నాకు అప్పజెప్పింది.

"నీ కాడుంటే భద్రంగా ఉంటాది నాయనా. నా కాడుంటే ఏదో ఒకదానికి అయిపోతాది" అంది.

బావ పోయి ఆరేళ్లు. ఆ మూడెకరాల చీనీ తోటే అక్క బతుకు. పాత బోరు అడుగంటింది. మోటారు వేస్తే పావుగంట నీళ్లు, ఆ తర్వాత గాలి. చెట్లు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. ఎండాకాలంలో బోరు బండికి ఎంత గిరాకీ ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మాకు పదిహేను రోజుల తర్వాత తేదీ ఇచ్చారు. ఆ పదిహేను రోజులూ డబ్బు నా దగ్గర ఊరికే ఉండాలి. ఊరికే ఉంచడం కూడా ఒక పనేనని, అది నాకు చేతకాదని అప్పటికి నాకు తెలియదు.

నేను ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర పనిచేస్తాను. ఖాళీ లారీని ఒకసారి, లోడు లారీని ఒకసారి తూచి చీటీ ఇవ్వడం నా పని. పది కిలోలు తేడా వచ్చినా డ్రైవర్లతో నేను పడే గొడవ ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. నన్ను మోసం చేయడం ఎవరివల్లా కాదని నాకో గర్వం ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

లోడు కోసం లారీలు వరుసలో నాలుగైదు గంటలు నిలబడతాయి. డ్రైవర్లు నీడ చూసుకుని కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటారు. ఆదోని వైపు నుంచి వచ్చే ఒక డ్రైవరు ఒకరోజు మధ్యాహ్నం కాటా గది కిటికీలోంచి తన ఫోన్ చూపించాడు.

"చూడప్పా, ఇమానం ఎగర్తాండాది. పైకి పోయేకొద్దీ దుడ్లు పెరుగుతాండాయి. అది మాయమయ్యే లోపల ఈ బటన్ నొక్కల్ల. శానా సులభం" అన్నాడు.

ఆట నిజంగానే అంతే. నల్లటి తెర మీద ఒక చిన్న విమానం. పందెం కాయగానే ఒకటి దగ్గర అంకె మొదలై పెరుగుతూ పోతుంది. ఒకటింబావు, ఒకటిన్నర, రెండు. రెండు దగ్గర నొక్కితే వంద రూపాయలు రెండు వందలవుతాయి. నొక్కేలోపే విమానం మాయమైతే వందా పోతుంది. ఒక్కోసారి అంకె యాభై దాకా పోతుంది, ఒక్కోసారి నేల వదలకుండానే అయిపోతుంది. పక్కన ఒక పట్టీలో ఎవరెవరో ఎంతెంత గెలిచారో పైకి పరుగెత్తుతూ కనిపిస్తుంది. ఓడినవాళ్లు ఆ పట్టీలో ఎందుకు కనబడరన్న ప్రశ్న నాకు చాలా రోజులకు గానీ తట్టలేదు.

మన రాష్ట్రంలో ఇలాంటి ఆటలు నిషేధం. ఆ యాప్ మామూలుగా దొరకదు. డ్రైవరే లింకు పంపాడు, ఏ రాష్ట్రమని అడిగితే వేరేది కొట్టమన్నాడు. డబ్బు వేసే ఖాతా పేరు ప్రతిసారీ మారేది. ఒకరోజు ఏదో బట్టల కొట్టు, ఇంకోరోజు ఎవరో ఆడమనిషి పేరు. చీటీలో బండి నంబరు ఒక్క అంకె మారితే లారీని పక్కకు పెట్టించే నేను దీని గురించి ఒక్క మాట అడగలేదు.

మొదట నా సొంత డబ్బు ఐదు వందలు వేశాను. తొమ్మిది వందలయ్యాయి. తీసుకుంటానని నొక్కితే పది నిమిషాల్లో నా ఖాతాలో పడ్డాయి. అక్కడే నేను పడిపోయాను. డబ్బు తిరిగి ఇచ్చినవాడు దొంగ ఎలా అవుతాడని అనుకున్నాను. సాయంత్రం ఇంటికి అరకిలో చికెన్ తీసుకెళ్లాను, దర్జాగా.

మర్నాడు బోనస్ వచ్చింది. ఇరవై వేలు వేస్తే ఇంకో ఇరవై వేలు మేం కలుపుతాం, ఈ ఒక్క రోజే అని. తెర మీద గంటలు, నిమిషాలు వెనక్కి తిరుగుతున్నాయి. అక్క డబ్బు ఎలాగూ ఊరికే ఉంది. బోరు పడితే సరిపోతుందా, కొత్త మోటారు కావాలి, పైపులు కావాలి. మోటారు డబ్బులు నేను సంపాదించి ఇస్తే అక్క ఎంత సంతోషపడుతుందో అనుకున్నాను. దురాశకు అంత మంచి పేరు పెట్టుకున్నాక ఇక నన్ను ఆపేదెవరు. ఇరవై వేలు వేశాను. తెర మీద నలభై వేలు కనిపించాయి.

మూడు రోజుల్లో ఆ నలభై వేలు కాస్తా లక్షా ఐదు వేలయ్యాయి. ఇది అబద్ధం కాదు, ఆ అంకెను నేను కళ్లారా చూశాను. కాటా మీద ఖాళీ లారీ నిలబడి హారన్ కొడుతోంది, నేను డబ్బు వెనక్కి తీసుకునే బటన్ నొక్కాను. ఎర్ర అక్షరాల్లో ఒక మాట వచ్చింది. పందేల షరతు ఇంకా పూర్తి కాలేదు, అని.

ఆ షరతు ఏమిటో అప్పుడు చదివాను. నేను వేసిందీ వాళ్లు కలిపిందీ మొత్తం నలభై వేలకు ముప్పై రెట్లు పందెం కాస్తే గానీ ఒక్క రూపాయి బయటికి రాదు. అంటే పన్నెండు లక్షలు. అదీ ఏడు రోజుల్లో. మూడు రోజులు అప్పటికే అయిపోయాయి. ఒకటిన్నర లోపల బటన్ నొక్కి తీసుకున్న పందేలు లెక్కలోకి రావు. బోనస్ వద్దు పొమ్మంటే గెలిచినదంతా దాంతోపాటే పోతుంది. వాళ్ల మేనేజరట, మెసేజీలు పెట్టేవాడు, నన్ను సార్ అని పిలుస్తూ, ఇంకొంచెం ఆడితే చాలు సార్, మీరు దగ్గరికొచ్చేశారు అన్నాడు.

రోజూ బరువులు తూచేవాణ్ని, నాకది అర్థం కాకపోవడం ఏమిటి. బస్తాకు చిన్న చిల్లు ఉంటే ఒక్క ట్రిప్పులో తేడా కనబడదు. అదే బస్తాను ముప్పైసార్లు ఎక్కించి దించితే గోతమే మిగులుతుంది. ఆట ప్రతి పందెంలోనూ మన డబ్బును కొంచెం కొంచెం కార్చేస్తుంది, బోనస్ మనల్ని ముప్పైసార్లు ఎక్కించి దించుతుంది. ఇంత చక్కగా ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ రోజు నా బుర్రలో లక్షా ఐదు వేలు తప్ప ఇంకేమీ లేదు. అవి నావే అనుకున్నాను. నా డబ్బును వాళ్లెవరో పట్టుకున్నట్టు కోపం కూడా వచ్చింది.

ఇక్కడే నేను ఇంకో తప్పు చేశాను. మా వైపు వాళ్లు తప్ప ఎవరూ చేయని తప్పు. మా నాన్న ఐదు బోర్లు వేయించాడు. బోరు వేసేటప్పుడు పైకొచ్చే మన్నును వాళ్లు కుప్పలు కుప్పలుగా పోస్తారు. నాన్న ప్రతి కుప్పలోనూ చెయ్యి పెట్టి, నలిపి, వాసన చూసి, తెల్లపొడి వచ్చింది, ఇక నల్లరాయి వస్తుంది, దాని కింద నీళ్లు అని చెప్పేవాడు. చిన్నప్పటి నుంచి అది చూసిన కళ్లు నావి. ఆటలో విమానం ఇంతకుముందు ఎక్కడెక్కడ మాయమైందో ఆ అంకెలు పైన వరుసగా ఉంటాయి. నేను వాటిని మన్ను కుప్పల్లా చదవడం మొదలుపెట్టాను. వరుసగా ఆరు చిన్న అంకెలొస్తే, ఇక పెద్దది పడాల్సిందే అనుకునేవాణ్ని. ఇంకొక్కటి, ఇంకొక్కటి. నేలకైనా కింద పొరలుంటాయి. నీళ్లు లేకపోతే రాయైనా ఉంటుంది. ఆ అంకెల కింద ఏమీ లేదు. ప్రతి ఆటా అంతకుముందు దాన్ని ఎరగదు. అసలు విమానం ఎక్కడ మాయం కావాలో అది ఎగరకముందే తేలిపోయి ఉంటుందట.

ఆ లక్ష కాస్తా ఎనభై వేలయింది, ఎనభై వేలు నలభై వేలయింది. ఆ నలభైని కాపాడుకోవడానికి అక్క డబ్బు ఇంకో పదిహేను వేలు, తర్వాత ఇరవై, తర్వాత మళ్లీ. ఒక ఆదివారం మధ్యాహ్నం నా భార్య అన్నం పెట్టి మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి వచ్చి, "ఏందప్పా, చెమట్లు పడ్తాండావు, ఫ్యాన్ తిరుగుతాండాది గదా" అంది. లారీ వాళ్ల గొడవ అని చెప్పాను. అన్నం సగంలోనే వదిలేశాను. లేచి బాత్రూంలోకి పోయి ఇంకో ఐదు వేలు వేశాను.

బోరు బండి రేపు వస్తుందనగా బ్యాంకు నా చెల్లింపులను ఆపేసింది. ఈ రోజుకు పరిమితి అయిపోయింది అని మెసేజ్. బ్యాంకే ఆపింది, నేను ఆపలేదు. ఖాతాలో అరవై వేలు మిగిలాయి. ఇద్దరు ముగ్గుర్ని చేబదులు అడిగాను. ఎండాకాలంలో, నెలాఖరులో, ఎవరి దగ్గరుంటాయి.

మర్నాడు పొద్దున్నే తోటలో బోరు మిషన్‌ది ఒకటి, రాడ్లది ఒకటి, రెండు బండ్లు దిగాయి. అక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, బోరు వేయాల్సిన పాయింటు దగ్గర టెంకాయ కొట్టింది. బండి వాళ్లందరికీ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి తెచ్చింది. నాకు మాత్రం వేరే గిన్నెలో, వేరుశనగలు ఎక్కువ వేసి. దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

బోరుకు అడుగుల లెక్కన కట్టాలి. పైన కేసింగు పైపులకు వేరే. మూడు వందల అడుగులు దాటాక ప్రతి వందకూ రేటు పెరుగుతుంది. అరవై వేలకు నాలుగు వందల అడుగులు వస్తాయని రాత్రంతా లెక్కలేసి పెట్టుకున్నాను. మా వైపు ఐదారు వందలు పోకుండా నీళ్లు పడినవాళ్లు తక్కువ. మిషన్ హోరులో ఒక్కో రాడ్డు దిగుతుంటే నేను అంకెలే చూస్తున్నాను. రెండు వందల నలభై, మూడు వందలు, మూడు వందల అరవై. దేవుడా, నాలుగు వందల లోపల పడేటట్టు చెయ్యి అని మొక్కుకున్నాను. నాలుగు వందలకు దుమ్మే లేచింది.

"నిలపండి" అన్నాను.

బోరాయన మన్ను చేతిలోకి తీసుకుని, "నిలపొద్దప్పా. ఇప్పుడే తడి తగుల్తాండాది. ఇంగొక వంద అడుగులు ఏసి చూద్దాం" అన్నాడు.

అక్క నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. అప్పుడే చెప్పేసి ఉంటే బాగుండేది. నేను ఆ కుప్పలో చెయ్యి పెట్టి, నాన్న లాగానే నలిపి, వాసన చూశాను. మన్ను చల్లగా ఉంది. "ఇది తడి కాదక్కా. రాయి మారలేదు. ఊరికే దుడ్లు పోతాయి" అన్నాను.

"మా తమ్ముడు చెప్తాండాడు గదా, నిలపండప్పా" అంది అక్క. సాయంత్రం ఇరుగుపొరుగు వాళ్లు పరామర్శకు వస్తే, "వాడు లేకపోతే ఉన్నదంతా ఆ గుంతలో పోసేదాన్ని. మిగిలింది వాని కాడ భద్రంగా ఉండాది" అని చెప్పింది. నేను అక్కడే మంచం మీద కూర్చుని విన్నాను.

ఆ తర్వాత మూడు నెలలు నేను ఎలా బతికానో నాకే తెలియదు. అక్క నంబరు ఫోన్లో కనబడితే రింగు ఆగేదాకా ఫోను బోర్లా పెట్టేవాణ్ని. రెండుసార్లు జీతం డబ్బులు కూడా ఆటలో వేశాను, అక్కది అక్కకు ఇచ్చేద్దామనే. యాప్ తీసేసినా మెసేజీలు ఆగలేదు. తిరిగి వస్తే బోనస్ ఇస్తాం సార్, అని ఆ మేనేజరు ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.

మొన్న అక్క చెప్పకుండా ఎర్రగుంట్లకు వచ్చింది. ఎండిపోయిన చెట్లను కట్టెలకు అమ్మేసిందట. బిడ్డల్లా పెంచిన చెట్లు. ఆ డబ్బును గుడ్డలో మూట కట్టి తెచ్చింది. నా భార్య ఇచ్చిన మంచినీళ్లు తాగి, మూట విప్పి నా ముందు పెట్టింది.

"పక్క చేన్లో నాలుగు వందల ఎనబై కాడ పడినాయి నాయనా. మన బోరునే ఇంగ కొంచెం లోతు ఏపిద్దాం. సగం చెట్లన్నా దక్కుతాయి. నీ కాడుండే లక్షా ఇరవైకి ఇది కలుపు" అంది.

"ఆ దుడ్లు లేవక్కా" అన్నాను.

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. విమానం, బోనస్, ముప్పై రెట్లు, అన్నీ చెప్పాను. నా భార్య తలుపు పట్టుకుని నిలబడి వింది. ఆమె వినడం కూడా అదే మొదటిసారి. అక్కకు ఆట ఏమిటో ఎంత అర్థమైందో తెలియదు. డబ్బు గురించి కాక, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆ పొద్దు మన్నులో చెయ్యి పెట్టి చూస్తివే. తడి తగిలిందా, లేదా?"

"తగిలిందక్కా" అన్నాను.

ఆమె మూటను మళ్లీ ముడి వేసి, లేచి, నా భార్య చేతిలో పెట్టింది. "ఇది నీ కాడ పెట్టుకోమ్మా" అంది.