నేను తాగేసిన నిమ్మకాయ

ఒక్క నిమ్మకాయతో ఊరంతటినీ నిర్ఘాంతపరచిన మేధావిని మీరు చూసి ఉండరు. చూడండి, నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. జపాను ముసుగు నాటకాన్నీ, బాలి ద్వీపపు గుడి నాట్యాన్నీ, మా కృష్ణగిరి వైపు తిరునాళ్ళలో వేషాలు కట్టి ఆడే భారతం ఆటనూ పోల్చి, నటన ఎక్కడ ముగుస్తుందో, పూజ ఎక్కడ మొదలవుతుందో తేల్చడం నా పరిశోధన. కాలేజీకి ఫస్టు వచ్చినవాణ్ణి కదా, జపాను గురించి పదకొండు పుస్తకాలు చదివాను. హోసూరు నుంచి బస్సెక్కితే వచ్చే కావేరిపట్టణం గురించి మాత్రం ఎవరినీ ఒక్క ముక్క అడగలేదు.

ఆ పక్క పల్లెలో ద్రౌపదమ్మ తిరునాళ్ళు. మిట్టమధ్యాహ్నం అర్జునుడు, అంటే సైకిల్ షాపు మునెప్ప, తపస్సు కోసం తాటిచెట్టంత స్తంభమెక్కి నిమ్మకాయలు విసురుతున్నాడు. కింద తడిచీరలతో ఆడవాళ్ళు కొంగులు చాపి నిలబడ్డారు. వాళ్ళ మధ్య దూరి నేను నోట్సు రాసుకుంటున్నాను. ఆఖరి కాయ నా వైపే వచ్చింది. జన్మలో ఒక్క క్యాచ్ పట్టని నా చేతులు ఆ రోజే పట్టాలా!

ఎండ మాడ్చేస్తోంది. కాయను పంటితో కొరికి, నీళ్ళసీసాలో పిండి, గటగటా తాగాను.

మద్దెల ఆగిపోయింది. నటన ఎక్కడ ముగుస్తుందో అప్పుడు తెలిసింది: నా గొంతులో.

పక్కనున్న రత్నమ్మ కొంగు ఇంకా చాపే ఉంది. "నా కాయ యాడప్పా?"

"తాగేసినానక్కా. దాహం..."

"అయ్యో! బిడ్డ కోసరం మూడేండ్లుగా ఉపాసముండి వస్తా ఉండానే! అది తిన్నోళ్ళకే గదప్పా కడుపు పండేది!"

నా చెయ్యి దానంతటదే నా పొట్ట తడిమి చూసుకుంది.

"మునెప్పన్నా, ఇంకోటి వెయ్యన్నా!" అని పైకి అరిచాను.

"అయిపోయినాయి! వరం ఇచ్చేసినా. ఇంక నువ్వే మొయ్యి!"

ఊరు ఊరంతా నవ్వింది. రత్నమ్మ నవ్వలేదు. ముసలి పూజారి వచ్చి సీసా పైకెత్తి చూశాడు. అడుగున రెండు గుటకలు మిగిలాయి.

"ఆయమ్మకియ్యప్పా. ఒకే కాయ పంచుకున్నోళ్ళు తోడబుట్టినోళ్ళు. బిడ్డ పుడితే మేనమామవి నువ్వే. చెవులు కుట్టేది నీ వొళ్ళోనే."

రత్నమ్మ కళ్ళు మూసుకొని తాగింది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

రెండో ఏడు అదే స్తంభం కింద నా మేనల్లుడు నా ఒళ్ళో కూచున్నాడు. చెవిలో తీగ దిగగానే కెవ్వుమని, నేను గొప్పగా చూపించడానికి తెచ్చిన పరిశోధన గ్రంథం మీద తన అభిప్రాయాన్ని వెచ్చగా వదిలాడు. సరిగ్గా "పరిశోధకుడు దూరంగా నిలిచి గమనించెను" అన్న పేజీలో.

కాబట్టి ద్రౌపదమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ దేశంలో ఏ దేవుడు ఏది విసిరినా చేతులు కట్టుకొనే నిలబడతాను. వెళ్ళే ముందు చెంబెడు మజ్జిగ తాగుతాను.