అంబాసిడర్ గారికి రాసిన ఉత్తరాలు

1979 ఆగస్టులో న్యూజెర్సీలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, రాతప్రతుల విభాగంలో ఆర్కివిస్టుగా చేరాను. ఆ ఉద్యోగం ఏమిటో మనవాళ్లకు చెప్పలేక నానా తంటాలు పడేదాన్ని. పేరున్నవాళ్లు పదవి దిగాకో, పోయాకో వాళ్ల కాగితాలన్నీ పెట్టెల్లో మా దగ్గరికి వస్తాయి. వాటిని విడదీసి, వరసపెట్టి, ఏ పెట్టెలో ఏముందో తెలిపే సూచిక రాయడం నా పని. పిస్కాటవేలో మా తెలుగు చర్చికి వచ్చే ఒకావిడ అంతా విని, "అంటే పాత పేపర్ల పనా అమ్మా?" అని పెదవి విరిచింది. అవును, పాత పేపర్ల పనే. జర్మన్ కాగితాలు చదివేవాళ్లు కావాల్సొచ్చి నన్ను తీసుకున్నారు; హైదరాబాద్‌లో సరదాకి నేర్చుకున్న జర్మన్ నాకు అలా అన్నం పెట్టింది.

1984 వసంతంలో మా విభాగాధిపతి ఒక ప్రొఫెసరు గారి కాగితాలు నాకు అప్పగించారు. ప్రొఫెసరు గారు జర్మనీలో పుట్టి, హిట్లరు కాలంలో కుర్రవాడిగా ఇక్కడికి పారిపోయి వచ్చినవారు. జర్మనీకీ అమెరికాకీ మధ్య సంబంధాల మీదే జీవితమంతా పనిచేశారు. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యానికి దుబాసీగా జర్మనీ వెళ్లినప్పుడు ఒక యువ అధికారితో స్నేహం కుదిరింది. ఆ అధికారి తరవాత పెద్ద పెద్ద పదవులు చేసి రాయబారి అయ్యారు. ఈ దేశంలో ఒకసారి రాయబారి అయినవాణ్ణి, పదవి పోయినా చచ్చేదాకా అంబాసిడర్ అనే పిలుస్తారు. ఇద్దరి వారసులూ ఉన్నారు కాబట్టి పేర్లు రాయను.

ఆ ఇద్దరి మధ్య ముప్పై ఏళ్లకు పైగా ఉత్తరాలు నడిచాయి. మా విభాగాధిపతికి కావలసింది అవే. అద్దాల బల్లల్లో పెట్టి ప్రదర్శన చేయాలని, విరాళాలిచ్చేవాళ్లను పిలవాలని ఆయన ఆరాటం. ప్రొఫెసరు గారి ఆరాటం వేరు. ఆయనకు చూపు పోతోంది, డాక్టర్లు చేతులెత్తేశారు. ఈలోగా ఒక్క పుస్తకం రాసెయ్యాలి. ఆ పుస్తకం మూడు నాలుగేళ్ల కిందటి సంగతి మీద. జర్మనీలో కొత్త క్షిపణులు పెట్టాలని అమెరికా పట్టుబట్టిన రోజులవి. అక్కడి జనం వీధుల్లోకి వచ్చారు. జర్మన్ల భయం ఎలాంటిదో, వాళ్లతో ఏ స్వరంలో మాట్లాడాలో వివరిస్తూ ప్రొఫెసరు గారు అంబాసిడర్‌కు పేజీలకు పేజీలు రాశారు. అది చదివే అంబాసిడర్ ఒక ప్రసంగంలో స్వరం తగ్గించారని ఆయన నమ్మకం; ప్రసంగం తరవాత కృతజ్ఞతలు చెబుతూ అంబాసిడర్ నుంచి వచ్చిన ఉత్తరమే దానికి ఆధారం. ఒక పండితుడి ఉత్తరం ఒక ప్రభుత్వం మాటతీరును మార్చిందని చూపించడమే ఆ పుస్తకం.

ఇక్కడే చిక్కు. మనకు వచ్చిన ఉత్తరం మన దగ్గరుంటుంది, మనం రాసింది అవతలివాళ్ల దగ్గరుంటుంది. అందుకే ఆఫీసుల్లో కార్బన్ పెట్టి నకలు దాచుకుంటారు. ప్రొఫెసరు గారు చేత్తో రాసి, కవరు అంటించి, పోస్టులో వేసేవారు. నకళ్లేవని అడిగితే, స్నేహితుడికి రాసిన ఉత్తరానికి నకలేమిటని నన్నే ఎదురడిగారు. నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లు ఊళ్లు తిరిగి ఎవరెవరివో నకళ్లు వెతుక్కున్న మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి ఇంత అమాయకత్వమా!

ఆయనకు వచ్చిన జవాబులు వరసపెట్టాను. మొదటి ఏళ్లవి చేతిరాతలో ఉన్నాయి. పోట్లాటలు, జర్మన్‌లో వేళాకోళాలు, పిల్లల జ్వరాలు అన్నీ ఉన్నాయి. తరవాత్తరవాత టైపు చేసినవి, అరపేజీవి వచ్చాయి. "మీ విలువైన అభిప్రాయాలను సహోద్యోగులతో పంచుకున్నాను" అనే వాక్యం ఒక ఉత్తరంలో, ఇంకోదాంట్లో, మళ్లీ ఇంకోదాంట్లో కనబడింది. వేరే నాయకుల కాగితాల్లో ఈ వాక్యాన్ని చాలాసార్లు చూశాను. అది ఎవరూ రాయని వాక్యం. ఉత్తరం రాగానే గుమాస్తా దాన్ని అతికిస్తాడు, పెద్దాయన సంతకం పెడతాడు.

అంబాసిడర్ అంతకుముందు ఏడాదే పోయారు, ఆయన కాగితాలు అప్పటికే మరో గ్రంథాలయానికి చేరాయి. ప్రొఫెసరు గారి ఉత్తరాల జిరాక్సులు పంపమని అక్కడి ఆర్కివిస్టుకు రాశాను. ఆయన జవాబు రాయకుండా ఫోన్ చేశాడు. మా వృత్తిలో రాయవలసినవాడు ఫోన్ చేశాడంటే కబురు మంచిది కాదు.

పదవిలో ఉన్నవాళ్ల టపా రెండు కుప్పలు. మిత్రులవి ఒకటి, ప్రజలవి ఒకటి. ప్రజల ఉత్తరాలన్నీ దాచడం ఎవరి తరమూ కాదు కాబట్టి నమూనాకి కొన్ని ఉంచి మిగతావి ముక్కలు చేయిస్తారు. ఇది అందరూ పాటించే పద్ధతే, మేమూ చేసేవాళ్లం. అంబాసిడర్ ఆఫీసులో కొత్త సెక్రటరీ చేరినప్పుడు మిత్రుల జాబితా ఒకటి ఆవిడ చేతికిచ్చారట. అందులో ప్రొఫెసరు గారి పేరు లేదు. ఎవరూ కావాలని కొట్టెయ్యలేదు, రాసినవాళ్లకు గుర్తు రాలేదు, అంతే. అప్పటినుంచి ఆయన ఉత్తరాలు ప్రజల కుప్పలోకి వెళ్లాయి. పుస్తకానికి కావలసిన ఉత్తరాల్లో ఒకే ఒక్కటి నమూనాగా బతికింది. ఐదు పేజీలది. దాని పైన సెక్రటరీ వేసిన ముద్రలో ఒక్క మాటే ఉంది: క్షిపణులకు వ్యతిరేకం.

ప్రొఫెసరు గారు వ్యతిరేకించలేదు. సమర్థించనూ లేదు. ఆ రెండూ కాని దారి ఒకటుందని చెప్పడానికే ఐదు పేజీలు రాశారు.

ముసలాయన్ను ఎందుకు బాధపెట్టడం, ఆ కాగితాలు ఇంకా తెరవలేదని చెప్పి ఊరుకోమన్నారు మా విభాగాధిపతి. ప్రదర్శన పాడవుతుందన్న భయం ఆయన మొహంలోనే కనబడింది. ప్రొఫెసరు గారు పుస్తకం వేస్తారు కదండీ, రేపు ఎవరో వెళ్లి సరిచూస్తే ఏం గతి అన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను.

"అయితే ఫోన్ చేసి చెప్పెయ్. ఎదురుగా కూర్చుని చెప్పలేవు నువ్వు."

"ఫోన్‌లో చెప్పే మాటేనా అండీ ఇది? రేపు డ్రైవ్ చేసుకుని వెళ్తాను."

"చెప్పకపోతే ఏం కొంప మునిగింది? ఆయనకి డెబ్భై దగ్గరపడుతున్నాయి. హ్యాపీగా రాసుకోనీరాదూ."

"అబద్ధం అని తెలిసీ రాయనివ్వనా? ఆయన హిస్టోరియన్ అండీ!"



మర్నాడు ప్రొఫెసరు గారి ఇంటికి వెళ్లి, ఫోన్‌లో విన్నదంతా, ముద్ర సంగతితో సహా చెప్పాను. చివర్న ఆయన ఒక్క ప్రశ్న వేశారు. ఆ టపా విప్పే పని నాదైతే ఆయన ఉత్తరాలు ఏ కుప్పలో పెట్టేదాన్ని అని. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా ఉన్నమాటే చెప్పాను: ఆ జాబితా నా చేతికిచ్చి ఉంటే నేనూ ప్రజల కుప్పలోనే పెట్టేదాన్ని.

ఆయన తల ఊపి, వారం తరవాత జవాబుల పెట్టె తీసుకుని రమ్మన్నారు. పెట్టె బయటికి తీసుకెళ్లడం నిబంధనలకు విరుద్ధం, అందుకని ఆయనే గ్రంథాలయానికి వచ్చారు. చూపు ఆనడం లేదు, వరసగా చదివి వినిపించమన్నారు. చదివాను. వేళాకోళాలకు నవ్వారు. ఒక పోట్లాట దగ్గర ఇప్పటికీ తనదే సరైన వాదన అన్నారు. టైపు ఉత్తరాలు మొదలయ్యాక కూడా కొన్నింటికి, ఇది అతనిదే, ఈ విరుపు ఇంకెవరికీ రాదు అన్నారు. ఒక ఉత్తరం సగంలో ఉండగా చెయ్యి ఎత్తి ఆపారు. ఇక్కడ, అన్నారు.

అక్కడిదాకా "ఉత్తర ప్రత్యుత్తరాలు" అని, అక్కడినుంచి "కార్యాలయం నుంచి వచ్చిన జవాబులు" అని సూచికలో రాయమన్నారు. ప్రసంగం గురించి కృతజ్ఞతలు చెప్పిన ఉత్తరం ఆ రెండో భాగంలో పడింది. అది ఎక్కడ పడుతుందో ఆయనకు తెలుసు. ఆ తేదీ ఆయనకు కంఠతా వచ్చు.

ప్రదర్శన చిన్నదిగా జరిగింది. పుస్తకం రాలేదు. మరుసటి ఏడాది ఆయన పోయారు. ఒక ఉత్తరం ఎంత ముఖ్యమైనదో రాసినవాడు తేల్చలేడని ఈ పనిలో నేర్చుకున్నాను. అందుకున్నచోట కవరు విప్పే మనిషి, చేతిలో ఉన్న జాబితా చూసి, క్షణంలో తేలుస్తాడు. మా గ్రంథాలయంలో పెట్టెలు విప్పేచోట ఇరవై ఏళ్లపాటు ఆ మనిషిని నేనే. కుప్పలు విడదీస్తూనే ఉన్నాను, ఎందుకంటే వేరే పద్ధతి ఏదీ లేదు.