ఆపి చూస్తే వణకని ముఖాలు

ఇక్కడ రాసిన ప్రతి అక్షరమూ నిజమని మా ఇలవేల్పు మీదా, అంతకన్నా ఎక్కువ అవసరపడే నా కళ్లద్దాల మీదా ఒట్టేసి చెబుతున్నాను. నా మాట నమ్మనివాళ్లు చోడవరం నిండా ఉన్నారు. ఇది వాళ్ల కోసం కాదు, సన్యాసినాయుడుగారిని ఎన్నడూ చూడని మీ కోసం.

మొన్న ఒకాయన తన పెళ్లి క్యాసెట్టు తెచ్చి కంప్యూటర్లోకి ఎక్కించమన్నాడు. డబ్బా తెరవగానే బూజూ, ప్లాస్టిక్కూ, మగ్గిన టేపూ కలిసిన వాసన గుప్పున కొట్టింది. వెంటనే చెవిలో నాయుడుగారి గొంతు మోగింది: "మల్లీ బస్సెక్కరా, రమణా!" తొంభైల చివర్లో ఆయన వీడియో స్టూడియోలో నేను కెమెరామన్‌ని, ఎడిటర్‌ని. ఆయన మనసు మారినప్పుడల్లా చోడవరం నుంచి విశాఖపట్నం తిరిగే పార్సెల్‌ని కూడా.

పెళ్లిళ్లు తీసీ తీసీ విసుగెత్తి ఆయన ఒక సినిమా తీశారు. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరకు బళ్లు వరసలో నిలబడతాయి, ఒకడు వరస తప్పుతాడు, గొడవ ముదిరి చివరికి బళ్లు పరుగు పందెంలోకి దిగుతాయి. అంతే కథ. నటించినవాళ్లంతా బుచ్చయ్యపేట వైపు బండివాళ్లు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు. వాళ్లకి నాయుడుగారు ఇచ్చింది ఒక్క మాట: "కేబుల్లో ఏస్తాను. ఇంటికో కేసెట్టిస్తాను. ఎవుడి మొకం ఆడు ఆపి మరీ సూసుకోండి." మా వైపు వీడియో చూడడమంటే ఆపి చూడడమే. పెళ్లి క్యాసెట్టు వేస్తే మంగళసూత్రం పెళ్లికొడుకు చేతిలోనే అరగంట ఆగిపోతుంది. ఎవరు ఏ చీర కట్టారు, ఎవరు మూతి ముడుచుకున్నారు, ఎవరు రెండో బంతిలో కూడా కూర్చున్నారు, అన్నీ తేలాకే ముడి పడుతుంది. ఇచ్చిన మాట పోతే ఆ ఊళ్లలో నాయుడుగారు మళ్లీ కెమెరా భుజాన వేసుకుని తిరగలేరు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

విశాఖలో ఎడిటింగ్ చేసే మూర్తి, సినిమా అంతా కూర్చాక, "కాపీలన్నీ తీసే మాస్టరు టేపు ఇంటర్లేస్డా, ప్రోగ్రెసివ్వా?" అని అడిగాడు. ఆ ప్రశ్న మోసుకుని చోడవరం వచ్చాను. ఇంటర్లేస్డ్ అంటే గీత విడిచి గీత గీసి, విడిచినవి తర్వాత గీస్తారనీ, ప్రోగ్రెసివ్ అంటే బొమ్మంతా ఒకేసారి పడుతుందనీ చెప్పాను.

"అంటే సాలు ఒగ్గి సాలు నాటడం," అన్నారు నాయుడుగారు. "ఒగ్గీసిన సాళ్లకి తిరిగొచ్చేలోపు ఎద్దు ముందుకెళిపోద్ది కదరా! అప్పుడు ఆపితే?"

"బొమ్మ వణుకుతాది, బాబూ."

ఆయన ముఖం మాడిపోయింది. ఎందుకంటే అప్పటికే దేవరాపల్లి నుంచి ఒక పెళ్లికూతురి మేనత్త, క్యాసెట్టు ఆపితే తనకి రెండు ముక్కులు కనబడ్డాయని, మా స్టూడియో మెట్ల మీద వచ్చి కూర్చుంది. అన్నం అక్కడే తెప్పించుకుంది, కునుకూ అక్కడే తీసింది. ముక్కు ఒకటే ఉన్న ఫోటో ఒకటి తీసి చేతిలో పెడితే గానీ లేవలేదు.

"పొగ్రెసివ్వే! మాట్లాడకు. బస్సెక్కు."

"మనం తీసిందే గీత విడిచి గీత, బాబూ. ఉన్నదున్నట్టు ఉంచమంటన్నాడు మూర్తి."

"ఆడికేటి తెలుసురా? ఆడి మెట్ల మీద మేనత్త కూకుందా?"

వెళ్లాను. మూర్తి తిట్టుకుంటూనే సగం గీతలు తీసేసి, మిగిలిన సగాన్ని సాగదీసి బొమ్మ నింపాడు. ఆ కంప్యూటరు ఆ పని చేస్తుండగా నాకు గడ్డం పెరిగింది. తీరా చూస్తే, తీసేసిన గీతలతో పాటు సగం కదలికా పోయింది. నాయుడుగారు ఎగిరిపడ్డారు.

"ఎద్దులు గెంతుతన్నాయేట్రా? మార్చీ!"

మార్చాను. మళ్లీ మార్చాను. ఆ బస్సు కండక్టరు నన్ను చూసి టిక్కెట్టు కొట్టేముందే, "ఇయ్యాల గీతలా, బొమ్మా?" అని అడిగే స్థితికి వచ్చింది. చివరికి నేనే అరిచాను: "ఇదేటి బాబూ! ఏదో ఒకటి తేల్చండి, లేకపోతే నేను మానేస్తాను!"

"నువ్వూ నేనూ తేల్చీది కాదురా ఇది. ఆపీవోళ్లని అడగాల," అని, రెండు రకాల క్యాసెట్లూ చంకన పెట్టుకుని నన్ను బుచ్చయ్యపేట లాక్కెళ్లారు. పందెంలో ముందు బండి తోలిన పైడితల్లి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. మొదట ప్రోగ్రెసివ్ వేశారు. పైడితల్లి లేచి నిలబడ్డాడు.

"నాయుడు బాబూ, నా ఎద్దు కుంటుతున్నాదేటి? రేపు ఊరంతా నా ఎద్దుకి కాలు పోనాదనుకోరా?"

ఇంటర్లేస్డ్ వేశారు. ఎద్దులు నీళ్లలా పరుగెత్తాయి. పైడితల్లి మీసం తడుముకుంటుండగానే అతని భార్య అప్పలనర్స రిమోట్ లాక్కుని, తను గేటు దగ్గర చెయ్యెత్తి అరిచే చోట ఆపింది. బొమ్మ గజగజ వణికింది.

"సలిజొరం వచ్చినట్టున్నాను. ఇదేనా బాబూ, ఆపి సూసుకోమన్నది?"

"నీ మొకవేనా, నా ఎద్దు మాటేటే?" అన్నాడు మొగుడు.

"నీ ఎద్దు ఏసం కట్టిందేటి? ఏసం కట్టింది నేను!"

తిరుగు బస్సు చోడవరంలో దిగుతూ నాయుడుగారు అన్నారు: "సినిమా గీతల్లోనే ఉంచీరా. ఎద్దులు పరిగెత్తనీ. ఆకర్ని ఒక్కొక్కల మొకం తీసి, వణక్కుండా మనవే ఆపి సూపిద్దాం. ఆల్లు ఆపుకునీ పని లేకుండా."

ఒక్కొక్కరికీ ఒక్క వరస గీతల్లోంచే కదలని బొమ్మ తీయించాను. అప్పలనర్స చెయ్యెత్తి అరుస్తున్నది, పైడితల్లి పగ్గం పట్టినది, ఎద్దు లేకుండా అతను ఒప్పుకోకపోతే ఎద్దుది కూడా. కేబుల్లో వేసిన రోజు సినిమా నడుస్తున్నంతసేపూ వీధుల్లో మాటలు వినిపించాయి. ముఖాల వరస మొదలయ్యాక నిశ్శబ్దం. అందరి చివరా నాయుడుగారి ముఖం, భుజాన కెమెరాతో, కొంచెం చిరాగ్గా, కొంచెం నవ్వుతూ.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఏ వీడియో పూర్తిచేసినా, దీన్ని ఎవరు ఎక్కడ ఆపి చూస్తారా అని ఆలోచించకుండా ఇవ్వలేను. దీనివల్ల నా దగ్గర పని ఎప్పుడూ ఆలస్యమే. తిట్లు నాకు, పాపం ఆయనది.

ఇక ఒట్టేశాను కాబట్టి చెప్పాలి. మెట్ల మీది మేనత్త నిజం. కండక్టరు నిజం. ఎద్దు ముఖం కూడా నిజమే. ఆ వరస చివర నాయుడుగారి ముఖం ఒక్కటే నేను కల్పించాను. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్న మనిషి. ఆయన్ని తీయాలని మాలో ఎవరికీ తోచలేదు. ఏ టేపు ఎక్కడ ఆపినా ఆయన కనబడరు.