గెడ్డ దాటే ముందు

వాన వెలిసిన సాయంత్రాల్లో బడి వరండాలో నిలబడితే కాఫీ తోటల మీదుగా గెడ్డ వాసన వస్తుంది. మామూలు రోజుల్లో ఆ కొండవాగుకి వాసనే ఉండదు. పై కొండల్లో గట్టిగా కురిసినప్పుడు మాత్రం కుళ్ళిన ఆకు, పచ్చి మట్టి కలిసిన వాసన ముందొస్తుంది, నీళ్ళు తర్వాత వస్తాయి. నాకు నలభై దాటాయి. చింతపల్లి పైన ఈ కొండల్లోనే పంతులమ్మగా పనిచేస్తున్నాను. అయినా ఆ వాసన తగిలితే చాలు, కాళ్ళు వాటంతటవే వెనక్కి జరుగుతాయి. ఈ భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మాది గెడ్డకు అవతల ఉన్న గూడెం, ఊహ తెలియని నాటినుంచీ ఆ నీళ్ళలోనే ఆడుకున్నవాళ్ళం. భయపడటం నాకు ఒక మనిషి నేర్పింది. ఆవిడ పేరు సత్యవతి. మా అందరికీ టీచరమ్మ.

ఆవిడ నర్సీపట్నం వైపు నుంచి చిన్న వయసులోనే ఉద్యోగానికి కొండెక్కింది. ఏజెన్సీలో పోస్టింగు వచ్చిన వాళ్ళు సంచీ విప్పకముందే బదిలీ కోసం తిరగడం మొదలుపెడతారు. ఈవిడ మాత్రం రిటైరయ్యేదాకా ఆ రెండు గదుల బడిని వదల్లేదు. నేను ఒకటో తరగతిలో చేరేనాటికే అమ్మమ్మ అయిపోయింది. కూతురు ఎక్కడో పట్నంలో నర్సు, రాత్రిళ్ళు డ్యూటీలు. అందుకని మనవరాలు పావని బడి వెనక గదిలో టీచరమ్మ దగ్గరే పెరిగింది. తరగతిలో అమ్మమ్మని అమ్మమ్మా అనకూడదని ఆ పిల్లకి గట్టిగా చెప్పారు. మర్చిపోయి అనేది, మేమంతా నవ్వేవాళ్ళం.

ఇంత ధైర్యంగా కొండల్లో ఉండిపోయిన మనిషి నిజానికి మహా పిరికిది. ఆ సంగతి దాచుకునేది కూడా కాదు. ఒకసారి పోటీలకని నన్ను చింతపల్లి తీసుకెళ్ళింది. జీపులో లోపల ఎంతమందో, పైన అంతమంది. ఘాట్ రోడ్డు మలుపు తిరిగేసరికి టీచరమ్మ కడ్డీ పట్టుకుని, అందరికీ వినబడేలా, "బాబూ, నాకు భయమేస్తంది. నిమ్మళంగా పోనీ" అంది. సంతకి పోతున్న మగాళ్ళు పకపకా నవ్వారు. "టీచరమ్మగారూ, ఇన్నేళ్ళయినా అలవాటు కాలేదేటండీ" అన్నాడొకడు. "అలవాటయిన రోజే పడిపోతాం నాయనా" అందావిడ. నాకు తల కొట్టేసినట్టయింది. డ్రైవరు మాత్రం ఆపైన నెమ్మదిగానే నడిపాడు.

గెడ్డ దగ్గర ఆవిడకో పద్ధతి ఉండేది. వానాకాలంలో బడి వదిలాక మా గూడెం పిల్లల్ని తనే ఒడ్డుదాకా తీసుకొచ్చేది. అందరం చేతులు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. చివర్లో పావని ఉండేది, మమ్మల్ని దాటించి అమ్మమ్మతో వెనక్కి వెళ్ళడానికి. అప్పుడు టీచరమ్మ ఒక్కొక్కరి మొహంలోకీ చూసి అడిగేది, "భయమేస్తందేటి?" అని. ఒక్కరు అవునన్నా ఎవ్వరూ నీళ్ళలో దిగకూడదు. ఎందుకని అడగదు, ధైర్యం చెప్పదు. అందరూ వెనక్కి బడికే. గట్టు మీద సిల్వర్ ఓక్ చెట్టుకి తన ఎర్ర దుప్పటి కట్టేది. అవతల గూడెంలోవాళ్ళు దాన్ని చూసి, పిల్లలు రారని తెలుసుకునేవాళ్ళు. మాకు అన్నం, ఉలవచారు, ఆవిడ గదిలో చాపలు.

ఒక ఏడు కొర్రకొత్త పండుగ వచ్చింది. కొత్త కొర్రలు వండి దేవతకి పెట్టాకే ఎవరైనా నోట్లో పెట్టుకునేది. పిల్లలకి అంతకంటే పెద్ద పండుగ లేదు. ఆ రోజు నీళ్ళు మోకాళ్ళదాకా కూడా లేవు, అడుగున రాళ్ళు కనిపిస్తున్నాయి. అందరం లేదు, లేదు అంటూ వచ్చాం. చివర పావని తల వంచుకుని, "ఏస్తంది" అంది.

అవతలి ఒడ్డున మా నాన్న అప్పటికే వచ్చి నిలబడ్డాడు. "ఏటి టీచరమ్మా, పాదం తడవని నీళ్ళకి పిల్లగుంటల్ని ఆపేత్తారేటి? ఇంటికాడ పండగ" అని అరిచాడు.

"ఒక గుంటకి భయమేసింది."

"ఆ గుంట మీ మనవరాలే గదా. దాన్ని ఒడ్డునే ఉంచండి, మా పిల్లల్ని పంపండి."

"నీ కూతురికి ఏసినా ఇదే సేత్తును" అని చెప్పి టీచరమ్మ మమ్మల్ని వెనక్కి తిప్పింది.

ఆ రోజు వరద రాలేదు. రాత్రంతా నక్షత్రాలు. అవతల డప్పులు వినబడుతుంటే మేం చాపల మీద ఏడ్చుకుంటూ పడుకున్నాం. మర్నాటి నుంచి ఆ పిల్ల పేరు భయం పావని. నీళ్ళకుండ దగ్గరికొస్తే, మునిగిపోతావు జాగ్రత్త అనేవాళ్ళం. టీచరమ్మకి ఇదేదీ తెలియదు. పావని చెప్పలేదు.

మళ్ళీ వాన పట్టిన సాయంత్రం అదే వరస. నీళ్ళు కాస్త ఎర్రబారాయి గానీ మాకు లెక్కలేదు. పెద్దదాన్నని నేను ముందున్నాను. భయమేస్తందేటి అని అడుగుతూ వెళ్ళి టీచరమ్మ పావని దగ్గర ఆగింది. "లేదు" అంది పావని, గట్టిగా, మా వైపు చూస్తూ. టీచరమ్మ తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది కానీ కదలదు. ఒక కాలు నీళ్ళలో, ఒక కాలు రాతి మీద. నాకు విసుగొచ్చి, "బేగి పదండి టీచరమ్మా. మీకేస్తందేటి భయం?" అన్నాను. అంతకుముందు ఆవిడని ఎవరూ అడగలేదు. అడగాలని మాకు తోచలేదు.

ఆవిడ నీళ్ళకేసి చూసింది, చివరున్న మనవరాలికేసి చూసింది. "ఏస్తందే రత్నం. శానా ఏస్తంది" అని కాలు వెనక్కి తీసేసింది.

సణుక్కుంటూ గట్టెక్కాం. సిల్వర్ ఓక్ దాకా రాకముందే ఆ వాసన ముక్కుకి కొట్టింది. వెనకే రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. తిరిగి చూస్తే మేం నిలబడిన రాయి లేదు. వేళ్ళతో సహా ఒక చెట్టు అడ్డంగా తిరుగుతూ పోయింది. అవతలి ఒడ్డున మా అమ్మ నోరు తెరిచి అరుస్తోంది, ఏమీ వినబడటం లేదు. నా పావడా తడిసిపోయింది, వాన వల్ల కాదు. గెడ్డంటే భయం నాలోకి దిగింది ఆ క్షణంలోనే.

టీచరమ్మ పావని భుజాలు పట్టుకుంది. "లేదని ఎందుకన్నావే? నీ మొకం చూస్తే తెలుస్తందిగా."

"అవునంటే అందరూ ఎక్కిరిస్తారు అమ్మమ్మా."

ఆవిడ ఆ బురదలోనే కూలబడిపోయింది. "మిమ్మల్ని అడగడం ఒక్కటే సేసేను. సెప్పినోళ్ళని ఏటీ అనకూడదని సెప్పలేదు" అంది, మాతోనో తనతోనో. కొట్టలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచి అడిగే తీరు మారింది. ముందు తన సంగతి చెప్పేది. "నాకు కొంచెం ఏస్తంది. మరి మీకో?" అనేది. టీచరమ్మకే వేసినప్పుడు మాకు వేస్తే తప్పేముందని చిన్నపిల్లలు కూడా నోరు విప్పేవాళ్ళు. భయం పావని అన్న పేరు తనంతట తనే పోయింది.

కిందటి చలికాలం విశాఖలో ఆసుపత్రిలో ఆవిడకి గుండె ఆపరేషన్ అన్నారు. పావని కబురు చేస్తే వెళ్ళాను. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఉంచారు, పిట్టంత మనిషి. డాక్టరు, నర్సులు, వచ్చిన చుట్టాలు అందరిదీ ఒకటే మాట, ఏం భయం లేదమ్మా అని. ఆవిడ అందరికీ తలూపుతోంది. నేను చెవి దగ్గరికి వంగి, "టీచరమ్మా, నాకు కొంచెం ఏస్తంది. మరి మీకో?" అన్నాను.

ఆవిడ కళ్ళు నా మీదికి తిరిగాయి. "ఏస్తందే రత్నం. శానా ఏస్తంది" అంది. నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు ఆ మాట వింటే అందరం వెనక్కి తిరిగేవాళ్ళం. అక్కడ వెనక్కి తిరగడానికి బడి లేదు. ఆపరేషన్ గది తలుపు దాకా చెయ్యి పట్టుకుని నడిచాను. అక్కడ వదిలేయమన్నారు. ఆవిడ మళ్ళీ బయటికి రాలేదు.

మా బడి దగ్గర గెడ్డకి వంతెన మంజూరైంది. శంకుస్థాపన రాయి ఉంది, వంతెన లేదు. ఈ సాయంత్రం కూడా పిల్లల్ని ఒడ్డున వరసగా నిలబెట్టి, నాకు కొంచెం ఏస్తంది, మరి మీకో అని అడిగాను. ఒకటో తరగతి పిల్ల ఒకతి చెయ్యెత్తింది. ఎవరూ నవ్వలేదు. అందరం వెనక్కి వచ్చేశాం. పొయ్యి మీద అన్నం ఎక్కించి, గట్టు మీదికెళ్ళి చెట్టుకి ఎర్ర దుప్పటి కట్టాను. ముడి వేస్తున్నప్పుడల్లా నాకు ఆ తలుపే గుర్తొస్తుంది. ఆవిడ అవునంది. అవునన్నవాళ్ళలో నేను వెనక్కి తీసుకురాలేకపోయింది ఆవిడ ఒక్కరినే.