మూడో అంతస్తులో నేనన్న మాట

మా మనవరాలి అటెండెన్సు గొడవలో కాలేజీవాళ్లను గడగడలాడించానని పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు ముందున్న చాయ్ బండి దగ్గర అందరికీ చెప్పాను. బల్ల గుద్దాననీ, రూల్సు పుస్తకం తెప్పించి నేనే పేజీ తీసి చూపించాననీ, హెచ్‌ఓడీ మేడమ్ లేచి నిలబడి హాల్ టికెట్ చేతికిచ్చిందనీ చెప్పాను. ఈ ఐటీ టవర్లలో సగం నా చేతుల మీదుగా లేచాయంటే నమ్మినవాళ్లు ఇదీ నమ్మారు. టవర్ల దగ్గర నేను చేసింది సిమెంటు గోదాము తాళం తీయడం, వేయడం. కాలేజీలో అయితే బల్ల ముట్టుకోనే లేదు.

జరిగింది చెబుతాను. నా భార్యకు వారానికి మూడు రోజులు పొద్దున పూట డయాలసిస్. కొడుకు ఆఫీసు క్యాబ్ నడుపుతాడు, కోడలు ఒక కంపెనీ క్యాంటీన్లో చేస్తుంది. ఇద్దరూ పెందరాళే పోతారు. నాకేమో మోకాళ్ల నొప్పులు. అందుకని నాయనమ్మను దవాఖానకు తీసుకుపోయే పని ఇంజనీరింగ్ చదివే మనవరాలి మీద పడింది. నాలుగు గంటలు మంచం పక్కనే కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని చదువుకునేది. చదువు ఆగలేదు. క్లాసులో పేరు పిలిచినప్పుడు మాత్రం అక్కడ లేదు.

డెబ్బై ఐదు శాతం ఉంటేనే పరీక్ష. ఆమెకు అరవై ఏడు. తగిన కారణం చూపిస్తే మినహాయిస్తారు, లేదంటే ఏడాది పోయినట్టే. దవాఖాన చీటీలు పట్టుకెళ్లింది. వాటి మీద రోగి పేరుంటుంది, పక్కన కూర్చున్న మనిషి పేరుండదు. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా వచ్చి చెబితే సంతకం పెడతానందట మేడమ్. కొడుక్కీ కోడలికీ సెలవు దొరకలేదు. నేను వెళ్లాను.

దారి పొడుగునా ఒకటే మాట. “తాతా, జర నీ కథలు షురూ చెయ్యకు. నాయనమ్మను తీస్కపోనీకి ఇంట్ల ఎవ్వరు లేరు, గందుకే పిల్ల పోతుంది అను. గంతే.”

“గంతే గదనే! నాకు నేర్పిస్తున్నవా?”

లిఫ్టు ముందు పెద్ద వరుస. మూడంతస్తుల మెట్లూ ఆమెకంటే ముందే ఎక్కేశాను. గదిలో మరో నలుగురు తండ్రులున్నారు, మెడలో కంపెనీ కార్డులతో. మేడమ్ కోస్తా మనిషి, మర్యాదగా కుర్చీ చూపించింది.

“మెట్లెక్కి వచ్చేశారా తాతగారూ? మిమ్మల్ని చూస్తే అరవై కూడా ఉండవండి.”

నలుగురూ నన్ను చూశారు. నా ఛాతీ పొంగింది.

“ఇంతకీ మామ్మగారిని ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారండి?”

“ఎవరేంది మేడమ్? నేనే! అవసరమైతే రెండు చేతుల మీద ఎత్తుకపోత. ఇంకొకల చెయ్యి పడనిస్తనా?”

ఒక తండ్రి శభాష్ అన్నాడు. నేను మీసం దువ్వుకుంటూ మనవరాలి వైపు చూశాను. ఆమె బల్ల మీది తన అర్జీని చూస్తోంది. తీసుకెళ్లడానికి ఇంట్లో ఎవరూ లేరని అందులో రాసింది. నేనేం చేశానో అప్పుడు తెలిసింది.

“కాదు మేడమ్, అబద్ధం చెప్పిన. నాకు మోకాళ్ల నొప్పులు. పిల్లనే తీస్కపోతది.”

“ఏది అబద్ధమండి? ఇందాక చెప్పిందా, ఇప్పుడు చెప్పేదా? మూడంతస్తులు ఎక్కొచ్చారు కదా!” ఆమె మనవరాలి వైపు తిరిగింది. “నువ్వు చెప్పమ్మా.”

మా తాత అబద్ధాలకోరు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అందరి ముందూ ఆ మాట అనలేక తల వంచుకుంది. మేడమ్ సంతకం పెట్టకుండానే అర్జీని పక్కన దొంతరలో పెట్టేసింది.

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

“తిట్టరాదే,” అన్నాను.

“ఏం తిట్టాలె తాతా,” అంది.

మొదటి పరీక్ష డయాలసిస్ రోజునే పడింది. ఆ పొద్దున నేనే ముందు తయారై దవాఖాన సంచీ భుజానికి తగిలించుకున్నాను. “నువ్వుండు బిడ్డా, ఇయ్యాల నేను తీస్కపోత.”

నా భార్య నవ్వింది. “నీతోని యాడైతదయ్యా? మొదటి దినం ఆ నెత్తురు గొట్టం జూసి, చాయ్ తాగొస్తనని పోయి మళ్ల రాకపోతివి.”

మనవరాలు సంచీని నా భుజం మీంచి మెల్లగా తీసుకుంది. “నేనే పోత తాతా. ఇప్పుడు నాకు వేరే పనేముంది?”

ఎత్తిపొడుపేం కాదు. నిజంగానే అంది. నాయనమ్మను చెయ్యి పట్టి ఆటో ఎక్కించింది.

“ఇయ్యాల పరీక్ష గదా పెద్దాయనా, పిల్ల అటు పోతుందేంది?” చాయ్ బండాయన అడిగాడు.

“పరీక్ష లేదు. నా నోటితోనే పోయింది.”

ఇది కూడా నా కథల్లో ఒకటనుకుని నవ్వాడు. స్టూలు నా వైపు జరిపాడు. “కూసో, మోకాళ్లు నొస్తయి.”

“నొస్తలేవు,” అన్నాను. “ఎన్నడు నొయ్యలే.”

దానికీ నవ్వాడు.