ఎలిజబెత్ ముఖం మీది అలలు

నిసార్ అహ్మద్ బస్సు కండక్టరు. సాయంత్రం విజయవాడలో బయలుదేరిన అతడి బస్సు కూచిపూడి, చల్లపల్లి, అవనిగడ్డ దాటి, నాగాయలంకకు అవతల రోడ్డు ఆగిపోయే ఊళ్ళో రాత్రికి నిలిచేది. తెల్లవారాక మళ్ళీ అదే మొదటి బస్సు. డ్రైవరు చౌడయ్య వెనక సీటు మీద పడుకుంటే బండి తీసే వేళకు గాని లేచేవాడు కాదు. నిసార్ అహ్మద్ ఫజర్ నమాజు ముగించుకుని, ఫోను పట్టుకుని మడ అడవి వైపు నడిచేవాడు. సెలవు రోజున హంసలదీవి దాకా పోయి సముద్రం చూసేవాడు.

అది రెండువేల ఏడు. కెమెరా ఉన్న ఫోను అప్పటికింకా వింతే. ఫోను ఉన్నవాళ్ళు పిల్లల్ని తీశారు, పెళ్ళిళ్ళు తీశారు, కొత్త మోటారు సైకిలు పక్కన తమను తాము తీయించుకున్నారు. నిసార్ అహ్మద్ నీళ్ళను తీశాడు.

"ఎవరున్నారయ్యా ఇందులో?" అన్నాడు చౌడయ్య ఒకసారి ఫోను లాక్కుని.

"ఎవరూ లేరు."

"మరెందుకు తీశావ్?"

"ఎవరూ లేరని."

"ఓరి నాయనో. మీ ఇంట్లో చూపించకు. తాయెత్తు కట్టిస్తారు."

ఇంట్లో చూపించకుండా ఎలా ఉంటుంది? భార్య ఫిర్దౌస్ తరఫు బంధువులు ఒక నిఖాకు వచ్చి ఫోను చేతులు మార్చుకున్నారు. మీట నొక్కితే అడవి. మళ్ళీ నొక్కితే సముద్రం. "మీ బెజవాడలో మనుషులు అయిపోయారా భాయ్?" అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు. ఫిర్దౌస్ కూడా నవ్వింది, కానీ ఫోను తిరిగి తీసుకుని కొంగుతో అద్దం తుడిచి ఇచ్చింది.

అతడు చెట్లను నేరుగా తీసేవాడు కాదు. ఆ ఫోను కెమెరా పేదది. ఆకాశం వైపు ఎత్తితే ఆకాశం తెల్లగా కాలిపోయేది, చెట్లు నల్లటి ముద్దలయ్యేవి. అడవి మధ్య పారే పాయలోని నీళ్ళకేసి వంచితే ఎండ తగ్గేది. ఆకు ఆకులా కనిపించేది. మడ చెట్ల వేళ్ళు తలకిందులుగా, ఓపికగా, నీటి లోపలికి పెరిగేవి. సముద్రం దగ్గర అల వెనక్కి పోయాక తడి ఇసుక మీద మబ్బు కాసేపు నిలిచేది. అదే తీసేవాడు. తొందరపడేవాడు కాదు. ఒక్కోసారి ఏమీ తీయకుండానే వచ్చేసేవాడు.

ఆ పాయలో పీతలు పట్టే బాలశౌరి అతడికి అలా పరిచయం. బాలశౌరి తెడ్డు వేస్తే, అతడి భార్య ఎలిజబెత్ బుట్టలు తీసేది. ఖాళీ ఉంటే కండక్టరును పడవెక్కించుకునేవారు. ఎలిజబెత్ ఫోటోకు నిలబడే మనిషి కాదు. కెమెరా చూస్తే ముఖం తిప్పేసుకునేది. కొడుకు పెళ్ళి ఆల్బంలో ఆమె ఉన్న చోటల్లా చీర కొంగే ఉంది.

ఒక ఉదయం ఆమె అంచు మీదుగా వంగి బుట్ట తాడు లాగుతోంది. నీళ్ళలో ఆమె ముఖం పడింది. వెనక కొమ్మలు. నిసార్ అహ్మద్ వేలు నొక్కింది.

"నన్నేనా తీసింది?" అంది ఎలిజబెత్ తల ఎత్తకుండా.

"నీళ్ళమ్మా."

"నీళ్ళయితే తీసుకో."

ఆ వానాకాలంలో ఆమె జ్వరంతో పోయింది.

వాళ్ళ చర్చి గుడిలో జరగాల్సిన నలభయ్యో రోజు పూజకు ముందు బాలశౌరి బస్సు దగ్గరికి వచ్చాడు. "కండక్టరుగారూ, ఓటు కార్డులో ఉన్నది మా ఎలిజబెత్ కాదండి. ఎవరో దొంగతనం చేసి దొరికినదానిలాగుంది. మీ దగ్గర నీళ్ళలోది ఉండాలి."

"ఉంది."

"అది పెద్దది చేయించండి. అంతే."

విజయవాడలో దుర్గాశంకర్ అనే అతనికి ఫ్లెక్సీల కొట్టు ఉంది. నిసార్ అహ్మద్ మెమరీ కార్డు ఇచ్చి, ఫోటో చూపించి, చెప్పాడు: "ఇది ఇలాగే పెద్దది చెయ్యండి. ఇంకేం చెయ్యొద్దు." దుర్గాశంకర్ సరేనన్నాడు. సరే అనడం వాళ్ళకు అలవాటు. మర్నాడు డ్యూటీకి పోతూ నిసార్ అహ్మద్ ఫ్లెక్సీ చుట్టను తీసుకున్నాడు. విప్పి చూడలేదు. బస్సు కదులుతోంది.

పూజ రోజున గుడి ముందర విప్పారు.

రెండు పక్కలా గులాబీలు. పైన రెక్కల పిల్లలు. వెనక మంచు కొండ, కొండ కింద పచ్చిక. మధ్యలో ఒక తెల్లటి ఆడమనిషి, మెడలో మూడు పేటల హారం, పెదాలకు రంగు. ఎలిజబెత్ కళ్ళు అందులో ఎక్కడో ఉన్నాయి, అద్దెకున్నట్టు.

జనం మూగారు. "అబ్బ, ఎంత బాగుందో!" అంది ఎలిజబెత్‌కు వదిన వరసయ్యే రావమ్మ. "మహారాణిలా ఉంది. బతికుండగా ఒక్క గొలుసన్నా ఎరుగుదా పాపం!" తక్కినవాళ్ళు తలలూపారు. ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. వాళ్ళ తప్పు కాదు. చచ్చినవాళ్ళకు కోటు తొడిగి, టై కట్టి, జుట్టు నల్లగా దిద్ది గోడకు తగిలించడం మనకు ఫ్లెక్సీ రాకముందే అలవాటు. బతికినంత కాలం మనిషి ఎలా ఉన్నాడో అలా చూడలేనివాళ్ళం, చచ్చాక మాత్రం చూస్తామా?

బాలశౌరి చాలాసేపు చూశాడు.

"ఈవిడెవరండీ?" అన్నాడు.

నిసార్ అహ్మద్ మర్నాడు బస్సు విజయవాడ చేరగానే భుజాన సంచి దింపకుండానే కొట్టుకు వెళ్ళాడు.

"ఏం చేశావు?"

"ఏమైందండీ?" దుర్గాశంకర్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "బొమ్మ తలకిందులుగా ఉంది, తిప్పాను. ముఖం నిండా ముడతలు, తుడిచాను. మెడ బోసిగా ఉంటే హారం వేశాను. హారానికి ఏమీ తీసుకోలేదండీ మీ దగ్గర."

"ముడతలు కావు. అలలు."

"ఏవైతేనేమండీ? చచ్చిపోయిన మనిషి. ఎవరైనా బాగు చేస్తారా, పాడు చేస్తారా?"

"ఇలాగే పెద్దది చెయ్యమన్నాను."

"అందరూ అలాగే అంటారండీ. తీరా అలాగే ఇస్తే మొహం మీద కొడతారు."

"నా కార్డు ఇవ్వు."

దుర్గాశంకర్ కార్డు ఇచ్చాడు. నిసార్ అహ్మద్ ఫోనులో పెట్టాడు. ఏమీ లేదు.

"వైరస్ ఉందండీ. మా సిస్టం పాడవుతుందని ఫార్మాట్ కొట్టాం. అది ఫ్రీ సర్వీసు."

రెండేళ్ళ మడ అడవి. రెండేళ్ళ సముద్రం. నిసార్ అహ్మద్ వాటి ఊసెత్తలేదు. "ఆవిడది?" అన్నాడు.

"నేను కత్తిరించుకున్న ముఖం ఉందండీ. దాని మీద వేసినవన్నీ విడివిడిగా ఉంటాయి. తీసేస్తే వస్తుంది."

"తియ్యి."

"మళ్ళీ డిజైను చార్జి..."

"తియ్యి!"

పక్క టీ బడ్డీ వాళ్ళు తొంగిచూశారు. జీవితంలో ఒక్క ప్రయాణికుణ్ణి కూడా గట్టిగా కసరని మనిషి, ఆ కుర్చీ వెనక నిలబడి, ఒక్కొక్కటే వేలితో చూపించాడు. హారం పోయింది. పెదాల రంగు పోయింది. తెలుపు పోయింది, ఎలిజబెత్ నల్లగా తిరిగి వచ్చింది. నునుపు పోయింది, నుదుటి మీదుగా చెంప దాకా మూడు అలలు వచ్చాయి. కొండ పోయింది, గులాబీలు పోయాయి. ముఖం మళ్ళీ తలకిందులైంది. చుట్టూ ఏమీ లేదు. తెల్లటి తెర.

"నీళ్ళేవి?"

"బ్యాక్‌గ్రౌండు కదండీ. అది తీసేస్తాం. దాచం."

"కొమ్మలు?"

"అదీ బ్యాక్‌గ్రౌండేనండీ."

ఉన్నదే అచ్చు వేయించుకున్నాడు. తెల్ల కాగితం మీద, కత్తెరతో కోసినట్టున్న ఒక ముఖం. దాని మీద అలలు ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయో, ఎక్కడికి పోతాయో లేదు.

తర్వాతి డ్యూటీలో, పొద్దున్నే, పాయ గట్టు మీద బాలశౌరికి ఇచ్చాడు. గుడి ముందరి ఫ్లెక్సీ అప్పటికే పడవలో ఉంది. దాన్ని బాలశౌరి పీతల బుట్టల మీద కప్పాడు. మంచు కొండ మీద బురద కాళ్ళ ముద్రలు.

బాలశౌరి కాగితాన్ని తిప్పలేదు. తలకిందులుగానే పట్టుకున్నాడు.

"ఇది ఎలిజబెత్," అన్నాడు.

"నీళ్ళు పోయాయి శౌరీ. వాడు పారేశాడు."

"నీళ్ళకేం లెండి కండక్టరుగారూ. బోలెడున్నాయి."

"ఇవి కావు." నిసార్ అహ్మద్ గొంతు లేచింది. "ఆ పొద్దుటివి. నన్ను తియ్యొద్దు, నీళ్ళయితే తీసుకో అంది ఆవిడ. వాడు నీళ్ళు పారేసి ఆవిడ్ని ఉంచాడు. ఆవిడ ఒప్పుకోనిది ఒక్కటే మిగిల్చాడు."

బాలశౌరి కాగితాన్ని మడవకుండా, చొక్కా లోపల పొట్టకు ఆనించుకుని, పడవ తోశాడు.

గట్టు అవతల చౌడయ్య హారను కొడుతున్నాడు. నిసార్ అహ్మద్ బస్సెక్కాడు. ముందు సీట్లో ఎవరో, "ఏంటి కండక్టరుగారూ, పొద్దున్నే ఆ కోపం?" అని నవ్వారు.

"టిక్కెట్టు," అన్నాడు అతడు.