చెయ్యెత్తేదాక పాడిన్రు

వెబ్ డిజైన్ నేర్చుకున్న కొత్తల, బోనకల్ దగ్గర మా ఊరి చర్చికి వెబ్‌సైట్ చేసిన. మౌస్ బాణం పెట్టంగనే బటన్ల మీద పేర్లు మెల్లగ తేలేటట్టు కోడ్ రాసి మురిసిపోయిన.

ఆదివారం ఆరాధనల అందరు ఫోన్లల్ల తెరిచిన్రు. ఫోన్‌కు మౌస్ ఏడిది? అన్నీ ఖాళీ డబ్బాలే.

"దీంట్ల ఏం లేదేంది బిడ్డా?" అన్నది ముందు వరుసల కూసున్న మా పెద్దమ్మ. నేను గబగబ సంచిలకెల్లి ల్యాప్‌టాప్ తీసిన.

పాస్టర్‌గారు నా మొకం చూసి, "ఇంకో పాట పాడుదాం" అన్నరు. నేను ల్యాప్‌టాప్ మీద కోడ్ మారుస్తుంటే, చరణాలు అయిపోయినా పల్లవే మళ్ల మళ్ల పాడిన్రు. పేర్లు కనవడ్డయని నేను చెయ్యెత్తినంకనే ఆపిన్రు. ఒక్కరు గూడ నవ్వలే.

ఇప్పటికీ కొత్త బటన్ చేస్తే ముందు ఫోన్ల చూస్త. చూస్తుంటే ఆ పల్లవి దానంతటదే నోట్లకు వస్తది.